ఉద్దానపు శరదాకాశము

భాద్రపద మాసము చివరి జల్లులు కురిసి వెలిసిన పిమ్మట ఉద్దానమున ఒక వారము పది దినములు గాలి కడిగినట్లుండును. మహేంద్రగిరి మీది మబ్బు విడిపోయి కొండ కొమ్ములు పలాసకు స్పష్టముగా కనబడును. టెక్కలికి చేరువనున్న తేలినీలాపురపు చింతచెట్ల మీద విదేశపు కొంగలును గూడబాతులును వచ్చి వాలుట కూడ ఈ రోజులలోనే. ఈ పక్షుల రాకను మన పల్లెలవారు లెక్క తప్పకుండ గుర్తుంచుకొందురు. వానితోపాటు నింటిలో జరిగెడు రాకపోకలను మాత్రము మనము మరచుచున్నాము. పూర్వులు మరువలేదు. వారి నెలల పేర్లే అందుకు సాక్ష్యము.

పూర్ణచంద్రుడు అశ్వినీ నక్షత్రము దగ్గర నిలిచెడు నెల ఆశ్వయుజము. కృత్తికల దగ్గర నిలిచెడు నెల కార్తికము. పంచాంగము చేత లేకపోయినను, పున్నమినాటి చంద్రుని పక్క చుక్కలను చూచి నెల చెప్పవచ్చును. భాద్రపదమునకు ప్రోష్ఠపదమనియు పేరు కలదు. ప్రోష్ఠమనగా పీట. పూర్వాభాద్ర రెండు చుక్కలు, ఉత్తరాభాద్ర రెండు చుక్కలు, కలసి ఒక పెద్ద పీటకు నాలుగు కోళ్ళు. అక్టోబరు మొదటి వారమున రాత్రి ఏడున్నరకు వజ్రపుకొత్తూరు దగ్గరనో బారువ దగ్గరనో ఇసుకమీద నిలిచి తూర్పునకు తిరిగినచో, ఆ పీట సముద్రము మీద చాల ఎత్తున, కొంచెము ఒరిగి కనబడును. దాని నడుమ చెప్పుకోదగిన చుక్క ఏదియు లేదు. అందువలననే అది పీటవలె తోచును.

అదే వేళకు నడినెత్తికి కొంచెము దక్షిణముగా వెలుగునది శ్రవణము. వాయవ్యముగా, అంతకంటె కాంతితో, నీలి ఛాయ కలిగినది అభిజిత్తు. నైరృతి దిక్కున తాటితోపుల తలల మీదికి దిగిపోవుచు ఎర్రగా కనబడునది జ్యేష్ఠ. అక్కడి నుండియే పాలవెల్లి పైకి లేచి, నడినెత్తి దాటి, ఈశాన్యమున శర్మిష్ఠ వరకు సాగును. చంద్రుడు లేని రాత్రి అయినచో పీట ఈశాన్యపు కోడు దగ్గర బయలుదేరి, దేవయాని మండలపు చుక్కలవెంట ఉత్తరముగా చూపు సాగించిన, చిన్న మంచుముద్దవంటి మరక ఒకటి అగపడును. అది చుక్క కాదు, మన పాలవెల్లివంటిదే వేరొక నక్షత్ర మహాసమూహము. దాని వెలుగు మన కంటికి చేరుటకు సుమారు 25 లక్షల సంవత్సరములు పట్టినది. కంటితో చూడదగిన అతి దూరపు వస్తువులలో ఇది యొకటి. జీడితోటల నడుమ దీపము లేని చోట నిలువగలిగినవారికి దీనిని చూచుటకు దుర్భిణి అక్కరలేదు.

రాత్రి ఎనిమిదిన్నర దాటిన తరువాత తూర్పున కొంచెము ఉత్తరముగా కృత్తికలు పొడుచును. మన పల్లెలలో వీనిని పిల్లలకోడి అందురు. దినమునకు నాలుగు నిమిషముల చొప్పున ముందుకు జరుగుచు, కార్తిక పూర్ణిమ నాటికి ఇవి సూర్యుడు క్రుంకువేళకే చంద్రునితో కూడి పైకి వచ్చును.

ఇక ఉత్తరమున ధ్రువుడు. ధ్రువుడు దిగంతము నుండి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉండునో మనము భూమధ్యరేఖకు అన్ని డిగ్రీల ఉత్తరమున ఉన్నట్లు లెక్క. పలాసకు అది పదునెనిమిదిన్నర దాటి, పందొమ్మిదికి లోపు. చేయి చాచి పిడికిలి బిగించిన, పిడికిలి సుమారు పది డిగ్రీలు. అనగా రెండు పిడికిళ్ళకు కొంచెము తక్కువ ఎత్తున వెదకవలెను. సప్తర్షులు ఈ ఋతువున సాయంకాలమే వాయవ్యమున దిగిపోవుదురు కనుక వారి సహాయము లేదు, శర్మిష్ఠయే దారి చూపవలెను. కళింగపు ఓడలు ఈశాన్యపు గాలులు మొదలైన పిమ్మట కార్తికమున దక్షిణమునకు సాగెడివి. ఒడియా దేశమున కార్తిక పూర్ణిమనాడు చిన్న పడవలలో దీపములుంచి నీటిలో విడుచుట ఆ యాత్రల జ్ఞాపకమే. ఓడ దక్షిణమునకు పోయినకొలది ధ్రువుడు దిగుచు, సింహళపు తీరమున ఒక పిడికిలి కంటె తక్కువకు వచ్చును; యవద్వీపము చేరునప్పటికి నీటిక్రిందికి పోయి కానరాడు. బారువ నుండియో కళింగపట్టణము నుండియో బయలుదేరిన సరంగు ఒకనాటి రాత్రి ఉత్తరము వైపు చూచి ధ్రువుడు లేకుండుటను గమనించినప్పుడు అతని మనసెట్లుండెనో ఏ శాసనమును చెప్పదు.

శాసనములు చెప్పినవి వేరే కలవు. వంశధార ఒడ్డున నేటి ముఖలింగము నాటి కళింగనగరము, తూర్పు గాంగుల రాజధాని. వారు బ్రాహ్మణులకును దేవాలయములకును భూములిచ్చి రాగిరేకుల మీద వ్రాయించినారు. టెక్కలి, సంతబొమ్మాళి, మందస ప్రాంతములలో అట్టి రేకులు దొరకినవి. వానిలో ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరము ఇన్నవది అని మాత్రమే ఉండును. ఆ లెక్క ఎప్పుడు మొదలైనదో ఉండదు. కనుక ఏ రాజు ముందు, ఏ రాజు వెనుక అన్నది తెలిసినను, ఎవరు ఏ శతాబ్దివారో తెలియక పండితులు శతాబ్దముల తేడాతో వాదులాడినారు. చిక్కు విడుటకు సాయపడినది ఆకాశము. దానములు ఊరకే ఇచ్చినవి కావు. సంక్రాంతినాడో, సూర్యగ్రహణమునాడో, చంద్రగ్రహణమునాడో నీరు ధారపోసి ఇచ్చినవి. ఫలానా మాసపు పున్నమినాడు చంద్రగ్రహణము అన్న మాట ప్రతి సంవత్సరమునకు పొసగదు. గడచిన గ్రహణములను నేడు గణితముచేత నిమిషములతో కూడ రాబట్టవచ్చును. అట్లు ఒక్కొక్క రేకును గ్రహణముల పట్టికతో సరిచూచి, పొసగని సంవత్సరములను త్రోసివేయుచు, ఇతర శాసనాధారములు జోడించి, గాంగ శకము సా.శ. 498 ప్రాంతమున మొదలైనదని పెక్కుమంది చరిత్రకారులు నిర్ణయించినారు. దానము పుచ్చుకొన్నవాడు పుణ్యకాలమని వ్రాయించుకొన్న ఒక్క మాట పదునాలుగు వందల ఏండ్ల తరువాత రాజవంశపు లెక్క తేల్చినది. మాకు ఈ జిల్లా చరిత్రలో ఇంతకంటె అందమైన సంగతి తోచదు.

ఇందులో మరియొక విశేషము కలదు. ఆ 498 ప్రాంతముననే, అనగా ఆర్యభటుని కాలమున, రేయింబవళ్ళు సమానమగు వసంత విషువద్బిందువు అశ్విని మొదట ఉండెడిది. అశ్వినితో నక్షత్రములు లెక్కించు మన వాడుక ఆ స్థితికి తగినది. భూమి ఇరుసు బొంగరమువలె మెల్లగా తిరుగుటచే ఆ బిందువు 72 సంవత్సరములకు ఒక డిగ్రీ చొప్పున వెనుకకు జరిగి, నేడు ఉత్తరాభాద్ర పరిసరములకు వచ్చినది. మన పంచాంగపు లెక్కకును దీనికిని నేడు సుమారు 24 డిగ్రీల ఎడము. అందువలననే రేయింబవళ్ళు సెప్టెంబరు 23 ప్రాంతమున సమానమైనను, తులా సంక్రమణము అక్టోబరు 17 వరకు రాదు.

సూర్యుని మాట వచ్చినది కనుక అరసవల్లిని విడువరాదు. గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించినాడని చెప్పుకొనెడు ఆ ఆలయమున అక్టోబరు మొదటి మూడు రోజులలోను, మార్చి 9 నుండి 11 వరకును ఉదయకిరణములు నేరుగా మూలవిరాట్టు పాదములను తాకును. ఈ రెండు తేదీలకు సంబంధమేమని అడుగువారు కలరు. రెంటియందును సూర్యుడు విషువద్రేఖకు దక్షిణముగా మూడు నాలుగు డిగ్రీలలో ఉండి, ఒకే చోట ఉదయించును. ఒకసారి దక్షిణమునకు పోవుచు, ఒకసారి ఉత్తరమునకు మరలుచు. ద్వారము కట్టినవారికి ఆ చోటు తెలియును.

క్రొత్త పద్ధతిలో ఆకాశమును పరిశీలించినవారు కూడ ఈ తీరమున లేకపోలేదు. చెన్నపట్టణపు నక్షత్రశాలలో టి. జి. టేలరు వద్ద నేర్చుకొన్న గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున డాబాగార్డెన్సులో సొంత వ్యయముతో వేధశాల నెలకొల్పినాడు. ఆయన అల్లుడు అంకితము వెంకట నరసింగరావు అచ్చటినుండియే 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించినాడు. టెక్కలి, పలాసలు అప్పటికి గంజాము జిల్లాలోనివి. ఒడిషా వేరుపడిన 1936లో విశాఖపట్టణము జిల్లాకును, 1950లో శ్రీకాకుళము జిల్లాకును వచ్చినవి.

శరత్తు నిర్మలమని వర్ణించుట కవులకు చెల్లును. ఉద్దానమువారికి అంత సులభముగా చెల్లదు. 2013 అక్టోబరు 12న ఫైలిను గోపాలపురము దగ్గర, 2014లో సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున తీరము దాటినవి. తిత్లీ గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచి, తాతలు నాటిన కొబ్బరిని, జీడిమామిడిని ఒక్క జామున పడగొట్టినది. విద్యుత్తు స్తంభములు కూలి ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో ఉన్నవి. అమావాస్య గడచి రెండు రోజులే అయినందున నెలవంక ప్రొద్దు క్రుంకగానే దిగిపోయెడిది. చెట్టు అడ్డము లేదు, దీపము లేదు. మబ్బు తొలగిన పిమ్మట ఏ వాకిట నిలిచినను ఆకాశమంతయు చుక్కలే. అట్టి ఆకాశమును ఎవరును కోరుకొనరు. ఆశ్వయుజమున ఈ తీరమువారు ప్రొద్దున వేగుచుక్కను చూచినను, రేడియోలో వాతావరణ సూచనలు వినక సముద్రమునకు పోరాదు. ఇది మా ఉద్యోగధర్మముగా చెప్పుట కాదు.

చివరి చుక్క తెల్లవారుజామున లేచువారికి. వానకాలపు బురదనీరు అగస్త్యోదయముతో తేటపడునని పెద్దల మాట. వరాహమిహిరుడు బృహత్సంహితలో అగస్త్యునికి ప్రత్యేకముగా ఒక అధ్యాయము కేటాయించి, ఆ ఉదయకాలము దేశమునుబట్టి మారునని చెప్పి, ఉజ్జయినికి లెక్క ఇచ్చినాడు. ఉజ్జయిని కంటె పలాస దక్షిణమున ఉన్నందున మనకు అగస్త్యుడు మరికొన్ని దినములు ముందుగానే, ఆగస్టు నడుమనే ఉదయించును. కాని మబ్బులు చూడనీయవు. అక్టోబరు మొదటి వారమున నాలుగున్నరకు లేచి సముద్రపుటొడ్డున దక్షిణముఖముగా నిలువవలెను. తలపైన ఎత్తున మృగశిర, ఆర్ద్రలు. వానికి దిగువగా ఆకాశమున కెల్ల కాంతిమంతమైన మృగవ్యాధుడు. ఆ వ్యాధుని నుండి చూపు తిన్నగా నీటివైపు దించిన, రెండు పిడికిళ్ళకు లోపు ఎత్తున, వ్యాధుని తరువాత అంతటి కాంతితో ఒక్కటే వెలుగుచుండును. అదే అగస్త్యుడు. అయిదు గంటలు దాటి తూర్పు తెలుపెక్కువరకు కనబడును. అప్పటికి తెప్పలు నీటిలో దిగియుండును.