జపాను దేశీయ శునకములు

జపాను ప్రభుత్వమువారు 1931వ సంవత్సరమున అకిటా యను దేశీయ శునకజాతిని ప్రకృతిస్మారకముగా ప్రకటించిరి. 1934లో కాయి, కిషూ, కోషి జాతులకును, 1936లో షిబాకును, 1937లో షికోకు, హొక్కైడో జాతులకును ఆ గౌరవమే కలిగెను. ప్రాచీనవృక్షములకును అరుదగు పక్షులకును చెల్లు మర్యాద కుక్కకు చెల్లుట చదువరులకు వింతగా దోపవచ్చును. ఏడేండ్లలో ఏడు జాతులకు రక్షణము కావలసివచ్చుటకు కారణమేమో విచారింతము.

ఆ దేశమున కుక్క మనుష్యునకు తోడైనది నిన్న మొన్న కాదు. వేలకొలది యేండ్లనాటి జోమోన్ జనులు తమ కుక్కలను శ్రద్ధతో పూడ్చిపెట్టిన గుంటలు బయల్పడినవి. పిమ్మటి కాలపు సమాధిదిబ్బలపై నిలిపిన మట్టిబొమ్మలందు నిక్కిన చెవులును చుట్టుకొనిన తోకయుగల కుక్క నేటికిని కానవచ్చును. 1680 మొదలు 1709 వరకు పాలించిన త్సునయోషి యను షోగను కుక్కలను హింసించువారిని కఠినముగా దండించి, వేలకొలది కుక్కలకు ప్రజల సొమ్ముతో శాలలు కట్టించెను. అతడు మరణించినంతనే యా శాసనములు రద్దయ్యెను. ఆజ్ఞచే పుట్టిన దయ ఆజ్ఞతోడనే పోయినది.

1868లో మెయిజీ యుగ మారంభమైన పిదప పాశ్చాత్యుల వస్తువులతో వారి కుక్కలును వచ్చెను. పొరుగింటి పుల్లకూర రుచి యన్నట్లు, పట్టణములందు విదేశపు కుక్కను పెంచుటయే నాగరకత యయ్యెను. దేశీయజాతులు వానితో గలిసి రూపుమాసెను. కొండపల్లెల వేటకాండ్ర యొద్ద మాత్రమే పూర్వపు కుక్కలు మిగిలెను. సాయితో హిరోకిచి యను నాతడు ఇది గమనించి 1928లో జపాను శునకసంరక్షణ సంఘమును స్థాపించెను.

ఈ జాతులన్నిటికిని నిక్కిన త్రికోణపు చెవులు, రెండుపొరల బొచ్చు, వీపుపైకి వంగిన తోక సామాన్యలక్షణములు. పరులయెడ ముభావము, తనవారియెడ గాఢానురాగము వీని స్వభావము. ధైర్యము, మంచితనము, నిరాడంబరత యను మూటిని సంఘమువారు దేశీయశునకమునకు ప్రాణముగా నెన్నిరి. ఉత్తరసీమయందలి అకిటా పెద్దది. షిబా చిన్నది, పొదలలో పక్షులను, చిన్నమృగములను లేపుటకు దానిని వాడిరి. కాయికుక్కకు పులివలె చారలుండును. షికోకు చూపునకు తోడేలును దలపించును. హొక్కైడో జాతి ఐనూ జనులతో ఎలుగుబంటి వేటకు పోయెడిది. కిషూ అడవిపందిని నిలుపగలది. నేడు తెల్లనిదనియే ప్రసిద్ధి. కాని పూర్వము దానిలో మచ్చలవియు నుండెడివి. ఏకవర్ణమునే ప్రమాణము మెచ్చుటచే అవి మరుగుపడినవి.

కావున "శుద్ధజాతి" యను మాటను మేము కొంత సంశయముతోనే వినుచున్నాము. అకిటా కథ యింకను స్పష్టము. ఓడాటే ప్రాంతమున కుక్కపందెముల మోజుచే దానిని టోసా జాతితో కలిపిరి. ఆ టోసాయో విదేశపు కుక్కల నెత్తురు గలిసినది. తరువాతివారు ఆ కలుపును తీసివేయుటకు ఎంతయో శ్రమపడిరి. నేడు మనము చూచు పురాతనరూపము కొంతవరకు ఏరి కూర్చుకొన్నదే.

గతించిన యజమానుని కొరకు షిబుయా రైలుస్టేషనులో 1925 మొదలు 1935 వరకు కాచుకొన్న హచికో యను అకిటాను లోకమెల్ల నెరుగును. అది బ్రతికియుండగనే, 1934లో, దానికి కంచువిగ్రహ మెత్తిరి. యుద్ధమురాగా లోహముకొరకు ఆ విగ్రహమును కరగించిరి. 1948లో మరల నిలిపిరి. విగ్రహమే కాదు, ఇండ్లలోని కుక్కలనుగూడ చర్మముకొరకు అప్పగింపవలసినదని 1944 చివర ఉత్తరువులు వెలువడెను. మనుష్యులకే అన్నము కరవైన యా దినములలో పేరుపొందిన జాతులును మిక్కిలి క్షీణించెను. మిగిలిన కొలదిపాటి జంటలనుండియే షిబా, అకిటాలు తిరిగి విస్తరించినవి.

నేడు షిబా లోకమంతట పట్టణపు టిండ్లలో పెరుగుచున్నది. వేటకాండ్రతో బ్రతికిన కొండజాతులకు అట్టి యాదరము లేదు. కోషి జాతికి 1934లో బిరుదమైతే లభించెను గాని, దానిని పెంచువారు కరవై, సంతతి యంతరించెను. అందుచేతనే, ప్రభుత్వమువారు ఏడింటిని గౌరవించినను, నేడు జపాను దేశీయశునకములు ఆరని చెప్పుచున్నారు.