పంటికి వేళ్ళెన్ని?

పలువరసని ముత్యాలతో పోల్చని కవి లేడు. పంటి వేళ్ళ గురించి ఒక్క పద్యం రాసిన కవిని మాత్రం నేను చూడలేదు. పాపం, వాళ్ళననేం లాభం లెండి! చిగురు కింద దాక్కున్నదాన్ని ఎవరు చూడొచ్చారు? పైకి కనిపించేది అందం, కనిపించనిది నొప్పి.

మన అమ్మమ్మల కాలంలో పన్ను నొప్పంటే లవంగం నొక్కిపెట్టడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం, అప్పటికీ లొంగకపోతే పీకించెయ్యడం. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయయితేనేం అన్న సామెత వూరికే పుట్టిందా? పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న బెదురొకటి. అది వుత్త బెదురే సుమండీ. చూపుకి పనికొచ్చే నరం వేరు, పంటి నరం వేరు.

బతికున్న మనిషి పంటి వేరుని కళ్ళతో చూడటమన్నది 1896లో మొదలైంది. అంతకు రెండు నెలల ముందు, 1895 నవంబరులో, జర్మనీలో రాంట్‌జెన్ గారు ఎక్స్‌రేలు కనిపెట్టారు. డిసెంబరులో భార్య చేతినే ఫోటో తీశారు. ఉంగరం ఉన్నది ఉన్నట్టుంది, వేళ్ళు మాత్రం ఎముకలై కనిపించాయి! ఆ కబురు వినగానే, జనవరిలో, వాల్కాఫ్ అనే జర్మను పళ్ళడాక్టరు తన నోట్లోనే పలక పెట్టుకుని పాతిక నిమిషాలు కదలకుండా పడుకుని తన పళ్ళ ఫోటో తీయించుకున్నాడు. నోరు మెదపకుండా పాతిక నిమిషాలు! మనలో ఎందరికి సాధ్యమో మీరే చెప్పండి.

అమెరికాలో న్యూ ఆర్లియన్సులో ఎడ్మండ్ కెల్స్ అని మరొకాయన. ఆడవాళ్ళు తోడు లేకుండా పళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళడానికి జంకే ఆ రోజుల్లో, 1885లోనే, ఒక అమ్మాయిని సహాయకురాలిగా పెట్టుకున్న మనిషి. 1899లో పంటి నాళంలోకి సీసపు తీగ పంపి, ఎక్స్‌రే తీసి, వేరు పొడవు కొలిచాడు. ఆ కిరణాల వల్ల వచ్చే ప్రమాదం తెలియని కాలం కదా, యంత్రం సరిగ్గా పనిచేస్తోందా లేదా అని రోజూ తన చెయ్యే అడ్డుపెట్టి చూసుకునేవాడు. ఆ చేతికి కాన్సరొచ్చింది. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత చెయ్యే పోయింది, 1928లో మనిషే పోయాడు. మన పంటి వేళ్ళు కనిపించడానికి ఆయన చేతివేళ్ళు ఖర్చయ్యాయన్నమాట.

అదే కాలంలో మా సికింద్రాబాదు ఏంచేస్తోందంటారా? 1897లో గడియారస్తంభం కట్టుకుని మురుస్తోంది. ఆ యేడే ఆగస్టు 20న, పక్కనే బేగంపేటలో, రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఫిజిక్సులో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో రాంట్‌జెన్‌కి వస్తే, వైద్యంలో ఆ మరుసటేడు రాస్‌కొచ్చింది. ఇద్దరూ కంటికి కనిపించనిదాన్ని చూపించినవాళ్ళే.

సరే, ఎక్స్‌రే వచ్చాక పంటి రహస్యమంతా తేలిపోయిందా అంటే, లేదు! స్విట్జర్లండులో వాల్టర్ హెస్ అనే ఆయన వేల పళ్ళు తీసుకుని, నాళాల్లోకి రబ్బరు ఎక్కించి గట్టిపరిచి, పన్నుని ఆమ్లంలో కరిగించేశాడు. మిగిలిన రబ్బరు అచ్చులు చూస్తే ఏముంది? సూటిగా ఒక గొట్టం వుంటుందనుకున్నచోట చెట్టు వేళ్ళలాగా చీలికలూ, కలయికలూ, పిల్లకాలవలూ! ఆ సంగతులన్నీ 1925లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. 1984లో వెర్టూచి అనే ఆయన ఆ నాళాల తీరుల్ని ఎనిమిది రకాలుగా విడదీశాడు. కింది దవడపన్నుకి మామూలుగా రెండు వేళ్ళయితే, కొందరికి మూడు. చైనా, జపాను వాళ్ళలో ఆ మూడోది మరీ ఎక్కువ. ఒకే మనిషికి కుడిపక్క ఒక తీరు, ఎడంపక్క మరో తీరూ వుండొచ్చు.

మామూలు ఎక్స్‌రేతో చిక్కేమిటంటే, అది నీడ. ఒకదాని వెనక ఒకటి నిలబడ్డ రెండు కరెంటు స్తంభాలు దూరంనించి ఒక్కటిగానే కనిపిస్తాయి. రెండడుగులు పక్కకి జరిగితేగానీ రెండోది బయటపడదు. పళ్ళడాక్టర్లు గొట్టాన్ని పక్కకి వంచి మరో ఫోటో తీసేది అందుకే.

ఇది నాకెందుకు పట్టిందంటే, నా పై దవడపన్నుకి రూట్ కెనాల్ చేశారు. మూడు నాళాలు శుభ్రం చేసి, సిమెంటు నింపి, క్యాప్ తొడిగారు. నొప్పి మాత్రం తగ్గలేదు. వెళ్ళి చెబితే, "అంతా బావుందమ్మా, మీ భ్రమ" అన్నారు. ఇంట్లోవాళ్ళూ అదే పాట అందుకున్నారు. కొన్నాళ్ళకి నిజంగా భ్రమేనేమోనని నాకే అనిపించింది. చివరికి మరో డాక్టరమ్మ స్కాను తీయించింది. చెంపవైపు ముందు వేరులో వెంట్రుకలాంటి నాలుగో నాళం! అదేమంత వింత కూడా కాదుట. ఆ పన్నుకి సగంమందికి పైగా అది వుంటుందిట.

నిలువునా అడ్డంగా కోసినట్టు చూపించే ఈ పంటి స్కాను 1990ల చివర్లో వచ్చింది. 2001లో మా సికింద్రాబాదులోనే సైన్యంవారి దంతవైద్య కళాశాల వెలిసింది. ఒక్క చదువుకునే పిల్లలకే కాదు, మనకీ నాలుగు ముక్కలు తెలిసుండాలి. స్కానుకి మామూలు ఎక్స్‌రే కంటే కిరణాలు ఎక్కువే, కాబట్టి ప్రతి పంటికీ తీయించమని పట్టుబట్టకండి. గర్భిణిగా వుంటే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. చికిత్స అయ్యాక కూడా నొప్పి వుంటే మాత్రం సిగ్గుపడి వూరుకోకండి. "ఇంకో నాళమేమైనా మిగిలిపోయిందేమో చూస్తారా?" అని అడగండి. అడిగినందుకు ఎవరూ నవ్వరు. నవ్వినా ఫరవాలేదు, పన్ను దక్కుతుంది.