అద్దంలోంచి దూకిన నీడ

1985 అక్టోబరు. న్యూయార్క్ దగ్గర్లోని చపాక్వా అనే ఊరు. హైస్కూలు ఎదురుగా ఉన్న రీడర్స్ డైజెస్ట్ ఆఫీసు పార్కింగ్ స్థలంలో తెల్ల బట్టలు వేసుకున్న కుర్రాడొకడు పరుగెత్తుతున్నాడు. ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ పరుగెత్తుతున్నాడు. ఎగిరి దూకుతున్నాడు. అంచు పట్టుకుని వేలాడి, చేతుల మీద బరువు మోపి పైకి పాకుతున్నాడు. అన్నయ్య వీడియో కెమెరాతో ఇదంతా తీస్తున్నాడు.

తమ్ముడు డేవిడ్. అన్న జోర్డన్ మెక్నర్, వయసు 21. ఆ ఏడే యేల్ యూనివర్సిటీలో చదువు ముగించాడు. అక్కడ ఉండగానే అతను తయారుచేసిన 'కరాటేకా' ఆటని 1984లో బ్రోడర్‌బండ్ కంపెనీ విడుదల చేస్తే బాగా ఆడింది. ఇప్పుడు రెండోది కావాలి. అరేబియన్ నైట్స్ కథల్లాంటి కోట, సుల్తాను లేని సమయంలో విర్రవీగే వజీరు, బందీ అయిన రాజకుమారి, ఒక గంట గడువు. కథ ఇంతే. కానీ అతని పట్టుదల వేరే విషయంలో ఉంది. తెర మీది బొమ్మ మనిషిలా కదలాలి. దూకితే ఒంటి బరువు తెలియాలి. పడితే చూసేవాడికి నొప్పి పుట్టాలి.

అప్పట్లో వీడియోని నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించే వీలు అతనికి లేదు. టేపుని టీవీలో వేసి, ఒక్కో భంగిమ దగ్గర ఆపి, తెరని స్టిల్ కెమెరాతో ఫొటో తీశాడు. ప్రింట్ల మీద తమ్ముడి ఆకారాన్ని నల్ల మార్కరుతో, తెల్ల కరెక్షన్ ఫ్లూయిడ్‌తో విడదీశాడు. వాటిని జిరాక్సు తీసి, డిజిటైజర్‌తో యాపిల్-2 లోకి ఎక్కించాడు. పరుగు, మలుపు, దూకడం, వేలాడటం, ఇలా ఒక్కో కదలికకీ ఇదే తతంగం.

తొంభైల్లో మన ఊళ్ల కంప్యూటర్ సెంటర్లలో డాస్ ప్రాంప్ట్ దగ్గర ఈ ఆట కోసం 'ప్రిన్స్' అని కొట్టి ఎంటర్ నొక్కినవాళ్లకి ఆ కదలిక ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. 'డేవ్' అనే ఆటలో మీట నొక్కగానే బొమ్మ ఎగిరేది. ప్రిన్స్ అలా కాదు. పరుగులో ఉన్నవాడు ఆగాలంటే కాళ్లు నేలకి తన్నిపట్టి, కాస్త జారి ఆగుతాడు. ఆ జారుడులో అంచు దాటితే మేకుల మీద పడతాడు. మనం ఆడించింది చపాక్వా కుర్రాడి ఒంటినే. పాత ఆటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ ఆటే, అందుకు మొదటి కారణం ఆ కదలికే.

రెండో కారణం నీడ.

మెక్నర్ కాలిఫోర్నియా చేరి, శాన్ రఫెల్‌లోని బ్రోడర్‌బండ్ ఆఫీసులో కూర్చుని ఏళ్ల తరబడి పనిచేశాడు. మధ్యలో సినిమా కథలు రాయాలన్న కోరిక అటు లాగుతుంటే ఆట వెనకబడేది. అతని మొదటి ఆలోచనలో కత్తియుద్ధాలే లేవు. ఉచ్చుల్ని తప్పించుకుంటూ పోయే ఒంటరి మనిషి, అంతే. పక్కన పనిచేసే స్నేహితురాలు టోమీ పియర్స్ మాత్రం పోరాటం ఉండాల్సిందేనని వదలకుండా పోరింది. అతని జవాబు ఒకటే, మెమరీలో జాగా లేదు. ఆ యాపిల్-2 మిషన్‌కున్న మొత్తం మెమరీ ఇవాళ మన ఫోన్ తీసే ఒక్క ఫొటోకి చాలదు. రాకుమారుడి కదలికలే దాన్ని నింపేశాయి. రెండో మనిషికి బొమ్మలు పెట్టే చోటు ఎక్కడిది?

దారి ఆ ఇరుకులోనే దొరికింది. ఉన్న బొమ్మనే ఒక్క బిట్ పక్కకి జరిపి, దాన్ని అసలు బొమ్మతో ఎక్స్‌క్లూజివ్-ఆర్ అనే లెక్క ద్వారా కలిపాడు. రెండూ ఒకటిగా ఉన్నచోట చుక్క చెరిగిపోతుంది, తేడా ఉన్నచోట మిగులుతుంది. ఒంటి నిండుదనం పోయి అంచులు మాత్రం మిణుకుమిణుకుమంటూ నిలిచాయి. కొత్త బొమ్మ ఒక్కటి కూడా గీయకుండా తెర మీద రెండో మనిషి లేచాడు, అతనే ఛాయాపురుషుడు.

ఆ మనిషిని కథలో ఎలా వాడుకున్నాడో చూడండి. నాలుగో లెవెల్‌లో దారికి అడ్డంగా అద్దం లేస్తుంది. పరుగెత్తుకొచ్చి అందులోంచి దూకాల్సిందే. దూకిన క్షణాన రాకుమారుడి ప్రాణశక్తి ఒక్కటి తప్ప అంతా హరించుకుపోతుంది, వెనక నుంచి నీడ అటువైపు దూకి పారిపోతుంది. తర్వాతి లెవెల్‌లో మనకి అందాల్సిన మందు అది తాగేస్తుంది. ఆపైన మన కళ్లముందే గేటు మూసి మనం అగాధంలో పడేలా చేస్తుంది. చివరి లెవెల్‌లో కత్తి దూసి ఎదురొస్తుంది. దాన్ని పొడిస్తే గాయం మనకే తగులుతుంది, చంపితే మనమే చస్తాం. చేయాల్సింది ఒక్కటే, కత్తి ఒరలో పెట్టడం. అప్పుడు నీడా తన కత్తి ఒరలో పెడుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి ఒక్కటైపోతారు.

మెమరీ పుష్కలంగా ఉంటే ఆ చోట మామూలు రాక్షసుడొకడు నిలబడి ఉండేవాడని నా గట్టి నమ్మకం.

టోమీ మాట నెగ్గింది. ఎక్కడెక్కడో జాగా తవ్వి మెక్నర్ భటుల్నీ చేర్చాడు. వాళ్ల కత్తిసాముకి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమా ఆధారమైంది. అందులో ఎరల్ ఫ్లిన్, బాజిల్ రాత్‌బోన్ సరిగ్గా పక్కవాటుగా కనిపించే కొద్ది సెకన్ల షాట్ ఉంది. దాన్నే బొమ్మ బొమ్మగా విడదీశాడు. సంగీతం తండ్రి ఫ్రాన్సిస్ కూర్చాడు. ఆయన వృత్తి మనస్తత్వశాస్త్రం. వియన్నాలో పుట్టి, చిన్నతనంలోనే నాజీల బారి నుంచి తప్పించుకున్న మనిషి.

1989లో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' విడుదలైంది. అప్పటికే యాపిల్-2 కాలం తీరిపోతోంది, అమెరికాలో మొదట ఎవరూ పెద్దగా కొనలేదు. తర్వాత డాస్, జపాన్, యూరప్ రూపాలు దాన్ని నిలబెట్టాయి. మనదాకా వచ్చింది ఆ డాస్ రూపమే, ఫ్లాపీల్లో చేతులు మారుతూ.

అసలు సోర్స్ కోడ్ మాత్రం ఏళ్ల తరబడి కనిపించలేదు. మెక్నర్ ఎంత వెతికినా దొరకలేదు. 2012 మార్చిలో అల్మరాలో తండ్రికి ఒక పెట్టె కనబడింది. అందులో మూడున్నర అంగుళాల ఫ్లాపీలు, మీద కొడుకు రాసిన చీటీ. ఏప్రిల్‌లో కంప్యూటర్ చరిత్రని భద్రపరిచే జేసన్ స్కాట్, పాత యాపిల్ మిషన్ల నిపుణుడు టోనీ డయాజ్ వచ్చి వాటిని చదివించారు. రెండు దశాబ్దాలు దాటినా అక్షరాలు చెక్కుచెదరలేదు. మెక్నర్ ఆ కోడ్‌ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచిపెట్టాడు. ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు.

తెలుగులో తొలి ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రాములు, చిన్నచిన్న ఆటలు రాసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి పెట్టెలు ఉంటాయి. అయస్కాంత పూత కలకాలం ఉండదు. మీ నాన్నగారిదో, బాబాయిదో పాత ఫ్లాపీల డబ్బా కనబడితే పాతసామానుకి వేయకండి. చదివే డ్రైవ్ ఇప్పటికీ దొరుకుతుంది, ముందు కాపీ తీయించండి.