వేటవిల్లు – బాణం ఆనిక

విల్లు ఎక్కుపెట్టింది మొదలు బాణం నారిని విడిచేదాకా దాని ముందుభాగాన్ని మోసే ఆధారం ఆనిక. శిక్షణ కేంద్రాల్లో దీన్ని యారో రెస్ట్ అనే అంటారు. వేటగాడి పిడికిలీ ఆనికే, విల్లు పిడి పక్కన చెక్కిన చిన్న గట్టూ ఆనికే, మరతో బిగించే లోహపు పరికరమూ ఆనికే. ఖమ్మం జిల్లా కల్లూరు నుంచి సత్తుపల్లి, దమ్మపేటల మీదుగా భద్రాచలం దాకా ఉన్న అడవి అంచుల్లో కోయలు, కొండరెడ్లు వాడుతూ వచ్చిన విళ్లకు సాధారణంగా విడి ఆనిక కనిపించదు. బాణం చేతిమీదే ఆనుతుంది.

ఆధారాలు

ఈ ప్రాంతపు విలువిద్య గురించిన రాతలు గోదావరికి రెండు వైపులా ఒకేలా లేవు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారాయి. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలో 'ఇండియన్ యాంటిక్వెరీ'లో రాసినవి ఆ వైపు కోయల గురించే. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్, రంగాచారి సంపుటాల్లోని కోయల వ్యాసం చాలావరకు కెయిన్ మీదే ఆధారపడింది. కాబట్టి ఈ రెంటినీ రెండు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కించడం సరికాదు. కల్లూరు వైపు అప్పట్లో నిజాం రాజ్యం. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో భాగం. ఆ వైపు రాతలు పలుచన. కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథం గోదావరి లోయకు సంబంధించినది. దాన్ని కల్లూరు మైదానానికి యథాతథంగా అన్వయించలేం. భద్రాచలం మూలవిరాట్టు చేతుల్లోనూ విల్లమ్ములు ఉన్నాయి గాని, విల్లు నిర్మాణానికి శిల్పాన్ని ప్రమాణంగా తీసుకోవడం కష్టం.

పిడికిలే ఆనిక

మధ్య భారత ఆదివాసుల విల్లు ఎక్కువగా వెదురుది. నారి కూడా చాలాచోట్ల సన్నగా చీల్చిన వెదురు బద్దే. పిట్టలకు మొద్దు మొన, పెద్ద జంతువులకు ఇనుప మొన వాడేవారు. ఇలాంటి విల్లు పిడి దగ్గర గుండ్రంగానో బల్లపరుపుగానో ఉంటుంది తప్ప బాణం కోసం గాడి కోసి ఉండదు. అందువల్ల బాణం విల్లు నడిమధ్య నుంచి కాక పక్కనుంచి, చూపుడు వేలి కణుపు మీదనో బొటనవేలి మీదనో ఆనుకొని పోతుంది.

దీన్ని లోపంగా చూపే రచనలు కొన్ని ఉన్నాయి. అంతకన్నా సబబుగా తోచే వివరణ ఈకలది. పక్షి ఈక మెత్తగా వంగుతుంది. చేతికి తగిలినా బాణం దారి పెద్దగా తప్పదు. అదే ప్లాస్టిక్ ఈకైతే తగిలిన చోట ఎగదన్నుతుంది. చేతిమీద ఆన్చే బాణానికి అసలు పరీక్ష ఈక ముందు కొన దగ్గర ఉంటుంది. అక్కడ ఈక కాడ కొస పైకి లేచి ఉంటే బాణం వదిలిన ప్రతిసారీ వేలి చర్మం కోసుకుపోతుంది. అందుకే ఆ కొసను దారంతో దగ్గర దగ్గరగా చుట్టి, చేత్తో తడిమితే తగలనంత నున్నగా చేస్తారు. విడి ఆనిక ఉన్న విల్లుతో ఈ బెడద లేదు.

పక్కనుంచి బయల్దేరిన బాణం గురి వైపు ఎలా పోతుందన్నది చాలాకాలం చర్చనీయాంశం. వేళ్లతో నారి వదిలినప్పుడు బాణం కాడ అటూ ఇటూ వంగి, విల్లును చుట్టుకొని దాటుతుంది. దీనికి ఇంగ్లిషులో 'విలుకాడి విరోధాభాస' అనే అర్థమొచ్చే పేరు ఉంది. ఆ పేరు 1930లలో రాబర్ట్ ఎల్మర్ పెట్టాడని ఎక్కువమంది రాస్తారు. దాన్ని 1913 నాటి రెన్‌డార్ఫ్ వ్యాసం దాకా వెనక్కి తీసుకెళ్లేవారూ ఉన్నారు. కాడ వంగడాన్ని కంటికి చూపింది మాత్రం 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ తీసిన అతివేగపు చలనచిత్రాలు. దీన్నిబట్టి చేతిమీద ఆన్చే విల్లుకు ఆనిక ఎంపిక అంటే నిజానికి కాడ ఎంపికే: విల్లు బలానికి తగినంత వంగే కాడ కావాలి. మరీ బిరుసైతే కుడిచేతి వాటం వారి బాణం ఎడమకు, మరీ మెత్తనైతే కుడికి పోతుంది.

వేట, చట్టం

వేసవి చివర కోయలు జరిపే విజ్జ పండుం, అంటే విత్తనాల పండుగ, వేటతో ముడిపడింది. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసేవారని వినవస్తుంది; ఆ పద్ధతి ఊరూరికీ మారినట్టుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, వేటాడే హక్కును, ఉచ్చులు పన్నే హక్కును విడిగా మినహాయించింది. వేటవిల్లు కోసమని విదేశాల్లో అమ్మే ఆనికలకు ఈ ప్రాంతంలో క్రీడా మైదానం తప్ప చట్టబద్ధమైన చోటు లేదు.

కొత్త ఆనికల ఎంపిక

కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లును అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ రూపొందించాడు. పుస్తకాల్లో 1966, 1969 రెండు సంవత్సరాలూ కనిపిస్తాయి. మొదటిది పేటెంటు దరఖాస్తుది, రెండోది మంజూరుది. ఆనిక ఎంపికలో తొలి ప్రశ్న నారిని వేళ్లతో వదులుతారా, రిలీజ్ పరికరంతోనా అన్నది. వేళ్లతో వదిలితే కాడ పక్కలకు వంగుతుంది కాబట్టి పక్కనుంచి ఒత్తే స్ప్రింగు బొత్తాం అవసరం. విక్ బెర్గర్ పేరుతో ప్రచారమైన ఈ బొత్తామును మొదట చేసింది నార్మన్ పింట్ అనే కథనమే ఎక్కువ నమ్మదగినదిగా ఉంది. బొమ్మదేవర ధీరజ్ వంటి రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) క్రీడాకారుల పద్ధతి ఇది. వెన్నం జ్యోతి సురేఖ పోటీపడే కాంపౌండ్ విభాగంలో రిలీజ్ పరికరం వాడతారు. అక్కడ కాడ ప్రధానంగా పైకీ కిందికీ వంగుతుంది. ఆధారం కిందనుంచి ఉంటే చాలు. సన్నని ఉక్కు రేకు ఆనిక ఈ పని చేస్తుంది. లక్ష్యం కొట్టేవారికి అది చాలనిపిస్తుంది.

వేటకని అమ్మేవాటిలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి చుట్టూ కుచ్చు వెంట్రుకలున్న గుండ్రని ఆనిక. పొదల్లో నడిచినా, విల్లు వంచినా బాణం జారదు, వెల తక్కువ, కాకపోతే ఈకలు వెంట్రుకల్లోంచే దూరిపోవాలి గనుక త్వరగా అరుగుతాయి, వేగం కొద్దిగా తగ్గుతుంది. రెండోది బాణం వదలగానే కిందికి పడిపోయే ఆనిక. దాని తాడును కొన్నిటిలో కేబుల్‌కు, కొన్నిటిలో విల్లు రెక్కకు కడతారు. కేబుల్‌కు కట్టిన రకంలో నారి లాగినప్పుడు తాడు బిగిసి ఆనిక లేస్తుంది. రెక్కకు కట్టిన రకంలో తాడు సడలినప్పుడు స్ప్రింగు దాన్ని లేపుతుంది. రెండింటిలోనూ తాడు పొడవు తప్పితే ఆనిక వేళకు పడదు, ఈకలు తగులుతాయి.

పోటీల్లో ఒక హద్దు ఉంది: బాణం ఆనే బిందువు పిడి మెడ (పిడిలో చెయ్యి ఆనే లోతైన చోటు) నుంచి వెనక్కి రికర్వ్‌లో 4 సెం.మీ., కాంపౌండ్‌లో 6 సెం.మీ. దాటకూడదు.

కుచ్చు వెంట్రుకల ఆనిక తప్ప ఏది బిగించినా సరిచూసే పద్ధతి ఒకటే. ఆనిక మీద టాల్కం పౌడరు చల్లి దగ్గరి లక్ష్యానికి ఒక బాణం వేయాలి. పౌడరు మీద గీత పడితే ఈక తగిలినట్టు. అప్పుడు బాణం వెనుక నారి పట్టే నాక్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ వేసి చూస్తారు. గీత పోకపోతేనే ఆనిక ఎత్తు మారుస్తారు.