మక్ఖీ, మకడీ, మా దాదా బందూక్

మొన్న రాత్రి ఒంగోలు పక్క పల్లె నుంచి మా భాంజా ఫోన్ చేశాడు. "మామూ, ఎయిర్ రైఫిల్‌కి స్కోపు కొంటున్నా. లోపల గీతలు సన్నగా ఉండాలా, మందంగానా, చుక్కలున్నవా?" అంటూ మూడు ఫొటోలు పంపాడు. పత్తి మొలకెత్తగానే చెవులపిల్లులు కొరికేస్తున్నాయట. రెండుసార్లు విత్తనం వేశాడు. వాడి గుస్సా ఝూటా కాదు.

ఆ గీతలనే రెటికిల్ అంటారు. జవాబు చెప్పే ముందు నాకు దాని తారీఖ్, దాంతో పాటు మా దాదా గుర్తొచ్చారు.

మన ఇళ్ళల్లో బందూక్ మాటలన్నీ ఉర్దూవే. గురి అంటే నిషానా. గురి పట్టడం షిస్త్ బాంధ్‌నా. గొట్టం కొసన ఉండే చిన్న గుండును మక్ఖీ అంటారు, అంటే ఈగ. నిజంగానే ఈగ వాలినట్టుంటుంది. మా దాదా నాటు తుపాకికి ఉన్నది ఆ మక్ఖీ ఒక్కటే.

స్కోపులో గీతల కథ మాత్రం మకడీతో, అంటే సాలీడుతో మొదలైంది. 1640 ప్రాంతంలో విలియం గాస్కోయిన్ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త దుర్భిణిలో సాలీడు పోగు ఒకటి అడ్డం పడిందట. నక్షత్రంతో పాటు ఆ పోగు కూడా సాఫ్‌గా కనిపించేసరికి, గురికి ఇదే ఆధారమని ఆయన గ్రహించాడు. తర్వాత భూమి కొలిచే థియోడలైట్లలోకి, పందొమ్మిదో శతాబ్దం నడుమ అమెరికాలో రైఫిళ్ళ మీదికి ఆ పోగే చేరింది.

థియోడలైట్ అంటే మనవాళ్ళకు దూరపు సంగతేం కాదు. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే తర్వాత ఎవరెస్ట్ చేతికొచ్చింది. దాని యంత్రాలను బాగుచేసింది ఆర్కాట్ వైపు నుంచి వెళ్ళిన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్. ఇంగ్లండు నుంచి వచ్చిన హెన్రీ బారో వెళ్ళిపోయాక, సర్వే యంత్ర నిర్మాత కుర్సీ ఆయనకే దక్కింది. 1801 దాకా ఒంగోలు కూడా ఆర్కాట్ నవాబు కిందే ఉండేది. ఎవరెస్ట్ పేరు బడి పిల్లలకు కూడా తెలుసు. మొహసిన్ హుస్సేన్ పేరు మన పెద్దలకే తెలియదు.

ఇక కానూన్ సంగతి. 1857 తిరుగుబాటు తర్వాత, 1878లో వచ్చిన ఆయుధ చట్టంతో హిందుస్తానీలకు లైసెన్సు తప్పనిసరైంది. ఐరోపా వాళ్ళకు మాత్రం మినహాయింపు. స్వతంత్రం వచ్చాక 1959 చట్టం, 13వ సెక్షన్‌లో పంట కాపలాకు మందు దట్టించే తుపాకికి చోటిచ్చింది. దాని గొట్టం లోపల నునుపు, రైఫిల్‌లాగా గుండును తిప్పి వదలదు. యాభై గజాలు దాటితే భరోసా లేదు. దానికి స్కోపు బిగించినా ఫాయిదా సున్నా.

మా దాదా దగ్గరున్నది అదే. మిరప చేను పక్కన మంచె మీద కూర్చునేవారు. నేను పుట్టక ముందు సంగతి, అబ్బా చెప్పారు. ఒక మగ్రిబ్ వేళ పక్క పత్తి చేనులో ఏదో కదిలింది. అడవి పంది అనుకుని దాదా షిస్త్ కట్టారు. కదిలేది మక్ఖీ వెనక దాగిపోయింది. ఎందుకో యకీన్ కుదరక బందూక్ దించారు. చేలోంచి పశువులు కాసే పిల్లాడు లేచాడు, తప్పిపోయిన దూడ తాడు పట్టుకుని.

ఆ లెక్క నేను తర్వాత వేశాను. మూడు మిల్లీమీటర్ల మక్ఖీ, కంటికి మీటరు దూరం. యాభై మీటర్ల దగ్గర అది పదిహేను సెంటీమీటర్లు కప్పేస్తుంది. సరిగ్గా ఓ పిల్లాడి తలంత. వంద మీటర్లకు ముప్ఫై.

చిన్న జంతువుకు, దూరపు గురికి సన్న గీత కావాలనేది ఇందుకే. మందం గీత అసలు నిషానానే మింగేస్తుంది. మరీ సన్నదైతే మసక వెలుతురులో మాయమవుతుంది. అందుకే అంచుల్లో మందంగా, నడుమ సన్నగా ఉండే గీతలొచ్చాయి. మిల్-డాట్ చుక్కల మధ్య దూరం వంద మీటర్ల దగ్గర పది సెంటీమీటర్లతో సమానం. దూరం అంచనాకు పనికొస్తుంది.

భాంజాకు ఇదంతా చెప్పాను. "నడుమ సన్నగా, చుక్కలున్నది తీసుకో బేటా. కానీ కాగితం నిషానా మీదే వాడు" అన్నాను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు చెవులపిల్లిని వేటాడటం జుర్మ్. అప్పట్లో కాకి, ఎలుక, గబ్బిలం లాంటి వాటికి 'వర్మిన్' పేరుతో వేరే షెడ్యూలు ఉండేది. 2022 సవరణతో అదీ పోయింది. ఇప్పుడు దేన్నైనా వర్మిన్ అనాలంటే కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాల్సిందే.

"మరి నా పత్తి?" అన్నాడు. నిజమైన సవాలే. గట్టు వెంట వల కట్టమన్నాను, అటవీ శాఖకు అర్జీ పెట్టమన్నాను. వాడికి తసల్లీ కలగలేదు, నాకూ తెలుసు.

ఆ సాయంత్రం తర్వాత దాదా బందూక్ పేల్చలేదట. ఎన్నికలొచ్చినప్పుడు అందరితో పాటు పోలీస్ స్టేషన్‌లో జమ చేశారు. ఎన్నికలయ్యాక అందరూ తెచ్చుకున్నారు. దాదా వెళ్ళలేదు.