రెండు ఊళ్ల నీళ్లు, ఒక నడక

మా నాయనకు ఇద్దరు చెల్లెళ్లు. పెద్దత్తను చివ్వెంలకు కూతవేటు దూరంలోనే ఇచ్చారు. చిన్నత్తను జిల్లాకు ఆ చివరన, మర్రిగూడ వైపు ఇచ్చారు. అప్పటికి సూర్యాపేట వేరే జిల్లా కాదు. 2016 అక్టోబరు దాకా అంతా నల్లగొండే. ఇద్దరూ ఒకే బావి నీళ్లు తాగి, ఒకే కుండలో జొన్న గటక తిని, ఒకే గట్ల మీద నడిచి పెరిగారు. 1960ల మధ్యలో, ఏడాది తేడాతో, ఇద్దరి పెళ్లిళ్లూ అయ్యాయి. యాభై ఏళ్లొచ్చేసరికి పెద్దత్త వంగి నాట్లేస్తోంది. చిన్నత్తకు వంగడమే పోయింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మొత్తం ఒళ్లు తిప్పాలి. పాదాలు ఎత్తలేక నేలకు రాస్తూ చిన్నచిన్న అడుగులు వేసేది. పుట్టింటికొస్తే వాకిట్లో ఆమె చెప్పుల చప్పుడే ముందు లోపలికొచ్చేది.

2001లో పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. మర్రిగూడ వైపు ఊరని చెప్పగానే డాక్టరు నోరు తెరవమన్నాడు. పళ్లు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. "పళ్లకు గార లేదు, ఇది ఫ్లోరైడు కాదు. వయసు మీద పడ్డ నొప్పులు" అని మాత్రలు రాశాడు. అత్త బస్సులో ఏమీ మాట్లాడలేదు. ఊరు దగ్గరపడ్డాక మాత్రం "పండ్లు చూసిండు గని నా నడక చూడలే బిడ్డా" అంది.

ఆ మాటలోని శాస్త్రం నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. పంటి పైపొర చిన్నతనంలోనే, సుమారు ఎనిమిదేళ్లలోపే, తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు తాగితేనే పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు పడతాయి. పెద్దయ్యాక తాగితే పళ్లు మారవు. ఎముక అట్లా కాదు. బతికున్నంతకాలం అరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడు దాదాపు అంతా ఎముకల్లోనే పోగవుతుంది. అంటే మా చిన్నత్త పళ్లు చివ్వెంలవి, ఎముకలు మర్రిగూడవి. పెళ్లి ఆమెను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చింది. వైద్యం ఆమెను ఒకే ఊరి మనిషిగా చూసింది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదివాక, మా ప్రాంతపు ఆడవాళ్ల నోటినుంచే చరిత్ర వినాలని నాకు తెలిసింది. నోటితో పాటు నడకను కూడా వినొచ్చని మా అత్త నేర్పింది. అందుకే ఫ్లోరోసిస్ చరిత్రను ఆమె నడక వైపు నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాను.

ఈ చరిత్ర కాగితం మీద 1937లో మొదలవుతుంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో మనుషుల వెన్నులు కర్రల్లా బిగుసుకుపోవడానికి కారణం తాగునీటి ఫ్లోరైడని షార్ట్, ఆయన సహచరులు ఆ ఏడాది రాశారు. మన దేశంలో ఈ జబ్బు మీద తొలి వివరమైన వైద్య పత్రాలు అవే. ఆ పల్లెల్లో చాలా భాగం ఇప్పటి ప్రకాశం వైపువి. నల్లగొండ వంతు 1955లో వచ్చింది. సిద్దీఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించాడు. సరిగ్గా అదే ఏడాది డిసెంబరులో నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఒకే జిల్లా అటు ఆధునిక దేవాలయానికీ, ఇటు వంగిపోయిన వెన్నులకూ ఒకే ఏడాది పేరు పడింది.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో ఒక కొత్త రూపాన్ని నమోదు చేశారు. ఎదిగే పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి కొట్టుకుంటాయి, పిక్కలు దూరంగా చీలిపోతాయి. వైద్యభాషలో జెను వాల్గమ్. కమలా కృష్ణస్వామి తర్వాత ఆ సంస్థకు డైరెక్టరయ్యారు. మా జిల్లా పిల్లల కాళ్లను ప్రపంచానికి చూపించినవాళ్లలో ఒక మహిళా శాస్త్రవేత్త ఉండటం నాకిష్టమైన సంగతి. ఈ జబ్బుకీ సాగర్ నీటికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న కూడా ఈ పరిశోధనల నుంచే లేచింది. ఊటనీళ్లు పైకి రావడంతో నేలలో, జొన్నలో మాలిబ్డినమ్ పెరిగి, ఒంట్లో రాగి తగ్గి, ఎముక బలహీనపడిందేమోనన్నది వాళ్ల ఊహ. జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువ నిలుస్తుందని అదే దశకంలో ఇంకో పరిశోధన చెప్పింది. నీళ్ల జబ్బనుకున్నది కంచంలోకి కూడా వచ్చింది. పాలూ పప్పూ ఎవరి కంచంలో ముందు పడతాయో, చివరికి గటక ఎవరికి మిగులుతుందో మనకు తెలుసు. కాల్షియం తక్కువైన ఒంటికి ఫ్లోరైడు ఇంకా ఎక్కువ చేటు చేస్తుంది. వరుస కాన్పులూ, పాలివ్వడమూ ఆ కాల్షియాన్నే తీసుకుపోతాయి.

చిన్నత్త పెద్దకొడుకు మోకాళ్లు అట్లానే వంగాయి. తల్లిదీ కొడుకుదీ ఒకే జబ్బు, నడకలు మాత్రం వేరు. ఎదిగే ఎముక వంగింది, ఎదిగిన ఎముక బిగుసుకుంది. ఫ్లోరైడు పెద్దవాళ్లలో వెన్నుపూసల మధ్య కీళ్లను, ఎముకలను పట్టి ఉంచే పట్టీలను రాయి చేస్తుంది. వెన్నుపాము దారి ఇరుకై, కాళ్లకు మెదడు పంపే ఆజ్ఞ నలిగిపోతుంది. నిమ్స్‌లో న్యూరోసర్జన్‌గా పనిచేసిన డి. రాజారెడ్డి దశాబ్దాల పాటు నమోదు చేసింది ఈ వెన్నుపాము కథనే. అత్తకు చివరికి వేరేచోట తీసిన ఎక్స్‌రేలో వెన్నంతా సున్నం పోసినట్టు తెల్లగా కనబడింది. అప్పటికి ఆలస్యమైంది.

మనిషి నడకను కొలిచే శాస్త్రం ఒకటుందని ఆమెకు వ్యాయామం నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు పిల్ల చెప్పింది. మడమ నేలను తాకినప్పటి నుంచి అదే మడమ మళ్లీ తాకేదాకా ఒక నడక చక్రం. అందులో సుమారు అరవై వంతులు పాదం నేలమీద, నలభై వంతులు గాల్లో. గాల్లో ఉన్నప్పుడు మోకాలు మడవాలి, వేళ్లు పైకి లేవాలి. అత్త కాలు బిగుసుకుపోయి మడవదు, వేళ్లు లేవవు. నేను వాకిట్లో విన్న చప్పుడు అదే.

ఆ శాస్త్రం ఎవరి కోసం పెరిగిందో చూస్తే ఆలోచన వస్తుంది. 1880లలో మారే, మైబ్రిడ్జ్ కెమెరాలతో నడకను ముక్కలు చేసి చూపారు. రెండో ప్రపంచయుద్ధంలో కాళ్లు పోయిన సైనికులకు కృత్రిమ కాళ్లు చేయడం కోసం కాలిఫోర్నియాలోని బర్కిలీలో నడకను అంకెల్లోకి దించారు. జాక్వెలిన్ పెర్రీ అనే మహిళ యుద్ధకాలంలో సైన్యంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, తర్వాత ఎముకల సర్జన్ అయి, పోలియో రోగుల నడకను చూస్తూ చూస్తూ నడక విశ్లేషణకే మూలగ్రంథం లాంటి పుస్తకాన్ని 1992లో రాసింది. చూడటమే ఆమె పద్ధతి. మా అత్త అడిగిందీ అంతే. యుద్ధానికీ పోలియోకూ ప్రయోగశాలలు దొరికాయి. నల్లగొండ నడక గురించి నేను చదివిన పత్రాల్లో ఎక్స్‌రేలున్నాయి, మూత్రంలో ఫ్లోరైడు కొలతలున్నాయి. నడకకు మాత్రం ఒకటి రెండు మాటలే దక్కాయి.

ఆడవాళ్ల నడకను శాస్త్రం అసలు కొలవలేదని కాదు. 1986లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. కెన్యాలోని లువో, కికుయు తెగల ఆడవాళ్లు తమ బరువులో ఐదోవంతు దాకా తలమీద, నొసటి పట్టీతో వీపుమీద మోసినా అదనంగా శక్తి ఖర్చు కావడం లేదని అందులో తేల్చారు. 1995లో దానికి కారణం కూడా చెప్పారు, గడియారం లోలకంలా ఊగే వాళ్ల నడక శక్తిని మిగిల్చుకుంటుందని. ఆ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. తలమీద చుట్టకుదురు పెట్టి రెండు బిందెలు నిలిపి, చేయి పట్టకుండా నడిచే మా అత్తల్ని చూసి పెరిగినదాన్ని. కానీ ఆడవాళ్ల మోతకు ఖర్చు లేదనే మాట వినగానే నాకు భయమేసింది. ఇంటిచాకిరీ గురించి మనం వింటూ వచ్చిన మాటే అది, ఈసారి ఆక్సిజన్ లెక్కలతో వచ్చింది. 2010లో వేరే పరిశోధకులు మళ్లీ కొలిచి, అట్లాంటి ఉచిత మోత అందరికీ లేదనీ, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉందనీ రాశారు. ఊపిరి మీద పడని ఖర్చు మెడ మీద పడుతుంది కూడా. చిన్నత్త విషయంలో ఆ ఖర్చు బిందెలోనే ఉంది. ఆమె మోసుకొచ్చిన నీళ్లే ఆమె మెడను బిగించాయి. తలమీద నిలపలేకపోయాక బిందె చంకకు దిగింది, చంక నుంచి కోడలికి మారింది.

నీటిని బాగుచేసే పద్ధతికి ప్రపంచమంతటా మా జిల్లా పేరే ఉంది, నల్లగొండ పద్ధతి అని. నాగపూర్‌లోని నీరి సంస్థ దాన్ని 1970లలో ప్రచారంలోకి తెచ్చింది. పటిక, సున్నం వేసి కలిపితే ఫ్లోరైడు మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే నలభై లీటర్ల బకెట్టు, పది నిమిషాలు కలపడం, గంటసేపు తేరనివ్వడం, పైనీళ్లు వంచుకోవడం. చవకైన పద్ధతే. కానీ రోజూ ఎవరు కలపాలో ఆ పద్ధతిలో రాయలేదు. బావి నుంచి తెచ్చిన చేతులే మళ్లీ కలపాలి. కలపలేకపోతే నిర్లక్ష్యమన్నారు.

చివ్వెంల పక్కనే మోతె మండలం. అక్కడి రాఘవాపురానికి చెందిన దుశ్చర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి జలసాధన సమితితో కృష్ణా నీళ్ల కోసం పోరాడాడు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేసి, బ్యాలెట్‌ను పుస్తకం చేసి, దేశం దృష్టిని మళ్లించారు. ఆ ఏడాదే చట్టం మార్చి ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ధరావతు పెరగడానికి నెలలు చాలాయి. చిన్నత్త ఇంట్లోకి కుళాయి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు చేరాక జిల్లాలో కొత్త పిల్లల పళ్లు తెల్లబడుతున్నాయి, ఇది నిజమైన గెలుపు. అయితే పాత ఎముకలు కుళాయి తిప్పగానే మారవు. ఫ్లోరోసిస్ బాధితుల గొంతుగా నిలిచిన అంశల స్వామి 2023 జనవరిలో చనిపోయాడు. మంచినీళ్లొచ్చాక పోరాటం ముగిసిందన్నారు. నడవలేనివాళ్లకు ఊళ్లోనే ఫిజియోథెరపీ, చేతికందే ఊతం, వాళ్లను ఎత్తి కూర్చోబెట్టే కోడళ్ల చాకిరీకి లెక్క, ఇవేవీ పైపుల్లో రావు.

చిన్నత్త 2019లో పోయింది. మొన్న సంక్రాంతికి చివ్వెంల వెళ్లినప్పుడు పెద్దత్త దగ్గర కూర్చున్నాను. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, కర్ర లేకుండా చేను దాకా పోయొస్తుంది. చెల్లెలి మాటొచ్చి, చాలాసేపటికి చెప్పింది: "ఆ మర్రిగూడ సంబంధం ముందుగాల నాకే వచ్చింది బిడ్డా. గంత దూరమా అని మా అమ్మ ఒద్దంది. మల్ల ఏడాదికి దానికి ఒప్పుకుంది."

నేను జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చి ఒక కాగితం మీద రెండు వరుసలు గీశాను. ఆరోగ్య సర్వేల్లో ఇప్పటి ఊరు ఒక్కటే అడిగితే మా అత్తల్లాంటివాళ్ల జబ్బు దొరకదు. పుట్టిన ఊరేది, అక్కడ ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారు, పెళ్లయ్యాక ఏ ఊరు, ఎన్నేళ్లు, ఏ నీళ్లు? ఆడమనిషిని అడిగేటప్పుడు ఈ గడులుండాలి. ఆ తర్వాత ఆమెను వాకిట్లో పది అడుగులు నడవమని, చూడాలి. పరిశోధన చేస్తున్న మన విద్యార్థినులకు నేను ఇవ్వగలిగిన ప్రశ్నావళి ఇదే. మొదటి వరుసలో మా పెద్దత్త వివరాలు నింపాను. రెండో వరుస నింపడానికి మర్రిగూడలో అత్త కోడలికి ఫోను చేయాలి. ఇప్పుడు మెడ ఆమెకు పట్టేస్తోందట.