ద్వీపాంతరవాసి: కృషీవలుడు, గృహస్థుడు

పోర్టు బ్లెయర్ నగరమునకు 2024 లో శ్రీ విజయపురమని నూతన నామకరణము జరిగినది. కాని ఆ నగరమందలి పేటల పేర్లు పూర్వకథను నేటికిని చెప్పుచునే యున్నవి. డైరీ ఫార్మ్ అను పేరు వినినంతనే పాడిపశువులు స్ఫురించును. షాదీపూర్ అనగా వివాహపురము. పాడిని, పెండ్లిని స్మరింపజేయు ఈ రెండు పేర్లను కలిపి చదివినచో ఒక మనుష్యుని జీవితము రూపు కట్టును. అతడు శిక్ష పొంది వచ్చి, సేద్యగాడై, సంసారియై, ఈ మట్టిలోనే కలిసిపోయిన ద్వీపాంతరవాసి. అండమాను చరిత్ర యనగానే సెల్యులర్ జైలును, అందు మ్రగ్గిన దేశభక్తులను తలచుట సముచితమే. అయినను నాగలి పట్టి ఈ దీవులను నివాసయోగ్యము గావించిన సామాన్యుని తలచువారు తక్కువ.

1789 లో ఆంగ్లేయులు ఇచ్చట స్థాపించిన తొలి వలస రోగపీడచేత 1796 లో మూతపడెను. సిపాయీల తిరుగుబాటు పిమ్మట, 1858 మార్చి నెలలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో వచ్చి శిక్షా వలసను మరల నెలకొల్పెను. అడవి కొట్టుట, చిత్తడినేలలను పూడ్చుట, బాటలు వేయుట వారి పని. జ్వరములును, అడవిజాతుల బాణములును ఎందరినో బలిగొన్నవి.

కాలక్రమమున ఖైదీ జీవితమునకు మెట్లు ఏర్పడెను. సెల్యులర్ జైలు 1906 లో పూర్తియైనది. ఆ కాలపు నిబంధనల ప్రకారము తొలి 6 నెలలు ఒంటరి కొట్టు. ఆపై ఏడాదిన్నర నలుగురితో కలిసి జైలులో పని. పిదప 3 సంవత్సరములు ముఠాలలో బయటి చాకిరి. మరి 5 సంవత్సరములు చిల్లర ఉద్యోగములకు అర్హత కల కూలిఖైదీ. ఇట్లు 10 సంవత్సరములు సత్ప్రవర్తనతో గడపినవానికి ‘సెల్ఫ్ సపోర్టర్’ అను చీటి దొరకెడిది. అనగా స్వయంపోషకుడు. అతడు గ్రామమున గుడిసె వేసికొని సేద్యము చేయవచ్చును; పశువులను పెంచవచ్చును; వివాహమాడవచ్చును, లేదా స్వదేశమునుండి భార్యాబిడ్డలను రప్పించుకొనవచ్చును. కాని దీవి విడిచి పోరాదు, పని లేక యుండరాదు, పౌరహక్కులు లేవు. దున్నిన నేల సైతము సర్కారుదే.

ఇందు ప్రభుత్వము చూపినది దయ మాత్రమే కాదు. పొలమును, ఇల్లాలిని పొందినవాడు పారిపోడనియు, కలహములకు దిగడనియు పాలకుల లెక్క. సంకెల తీసి సంసారమను ముడి వేసిరి. అయినను ఆ ముడిని ఆ రైతు తన ప్రాణముగా జేసికొనెను. లోయలలో వరి నాటెను, కొబ్బరి పెంచెను, పాలు అమ్మెను. స్త్రీ ఖైదీలు పురుషులకంటె మిక్కిలి తక్కువ. అందుచే ఇల్లు కట్టుకొనుట అందరికిని దక్కిన భాగ్యము కాదు. స్వగ్రామమున విడిచివచ్చిన ఇల్లాలో, భర్త బ్రదికియుండగనే సువాసినియు గాక వితంతువును గాక దినములు లెక్కించెడిది. ఒక చోట వెలిగిన పొయ్యి వెనుక మరియొక చోట ఆరిన పొయ్యి యున్న దన్నమాట మరువరాదు. 1866 లో ఇచ్చటికి వచ్చిన మౌలానా మహమ్మద్ జాఫర్ థానేసరి ఈ దీవులందే వివాహమాడి, 1883 లో భార్యాబిడ్డలతో స్వదేశము చేరి, తన అనుభవములను గ్రంథస్థము చేసెను. కాని సామాన్యరైతు అక్షరము వ్రాయలేదు. అతని సంతానమే అతని గ్రంథము. నానాకులముల, నానామతముల తల్లిదండ్రులకు బుట్టిన ఆ బిడ్డలు ‘లోకల్ బార్న్’ అను పేర, హిందుస్తానీ భాషతో, ఒక నూతన సమాజముగా ఏర్పడిరి.

1921 లో శిక్షా వలసను రద్దు చేయుదుమని ప్రభుత్వము ప్రకటించెను. 1926 లో వచ్చిన భూనిబంధన వలన సేద్యగాండ్రకు సాగుహక్కు లభించెను. మలబారు తిరుగుబాటులో శిక్షితులైన మాప్పిళాలు కుటుంబములను రప్పించుకొని, కాలికట్, మంజేరి, వండూర్ అని తమ ఊళ్ల పేర్లనే ఇచ్చటి గ్రామములకు పెట్టుకొనిరి. తెలుగునాటి మన్యమునుండి వచ్చిన గాము మల్లుదొర కథ వేరు. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన యతనికి ఉరిశిక్ష ద్వీపాంతరముగా మారెను. అతని సోదరుడు గంటందొర 1924 లో పోరాటమందే అసువులు బాసెను. మల్లుదొర ఇచ్చట నేలను కోరక, తన కొండలకే మరలెను. 1952 లో విశాఖపట్నమునుండి లోకసభకు ఎన్నికయ్యెను.

1942 మార్చి మొదలు 1945 అక్టోబరు వరకు సాగిన జపాను ఆక్రమణలో ఆకలియు, చిత్రహింసలును ఈ గృహస్థులను క్రుంగదీసెను. అయినను వారు పొలము విడువలేదు. స్వాతంత్ర్యానంతరము శ్రీకాకుళము, విశాఖపట్నము జిల్లాలనుండి వందలాది తెలుగు కుటుంబములు కూలికై, చేపలవేటకై, ఉద్యోగములకై ఓడ యెక్కినవి. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులందు నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వీరు దిగునాటికి బాటలు, బావులు, పొలములు సిద్ధముగ నున్నవన్న అది ఆ పూర్వుల చెమట ఫలమే.

నేరమేదైనను, శిక్షయేదైనను, విత్తు నాటి బిడ్డను పెంచినవాడు ఆ నేలకు ఋణము తీర్చినవాడే. అతనికి ఋణపడినవారము మాత్రము మనము. పేటల పేర్లను పలుకునప్పుడైనను ఆ యజ్ఞాత కృషీవలుని తలచుట మన కనీస ధర్మము.